సుల్తాన్ గడప, ఇమాం సాబ్ పొయ్యి

మొన్న రంజాన్‌లో మా మహల్లా వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. ఎవరో నాయకుడు ఇచ్చిన ఇఫ్తార్ దావత్. వేదిక మధ్యలో నాయకుడు, నెత్తిన కొత్త టోపీ, భుజాన రుమాలు. ఆయన పక్కన ఖర్జూరాల పళ్ళెం పట్టుకుని మా మసీదు ఇమాం సాబ్. ఐదు నిమిషాల్లో ఆ ఫోటో కింద ఒక హదీసు వచ్చి పడింది. పాలకుల ద్వారాలకు వెళ్ళినవాడు ఫిత్నాలో పడతాడని దాని భావం. ఆ హదీసు కింద "దర్బారీ ముల్లా" అని ఒకరు, "జమీర్ అమ్ముడుపోయింది" అని ఇంకొకరు రాశారు. నేనూ తక్కువ తినలేదు. "సహీ బాత్" అని రాసి ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

ఆ రాత్రి తరావీ అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఇమాం సాబ్ నన్ను ఆపారు. ఆయనది బీహార్. మా ఊరొచ్చి ఆరేళ్ళయింది. గ్రూపులో ఆయన లేరు, కానీ ఎవరో చూపించారట.

"భాయ్ సాబ్, మీరు రాసింది సహీ. ఆ హదీసు కూడా సహీ. కానీ పోయినేడు నా భార్య ఆపరేషన్‌కి డబ్బు అవసరమైనప్పుడు కమిటీ పెద్దలంతా దువా చేశారు. ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్ఓసీ ఇప్పించింది మాత్రం ఆ నాయకుడి మనిషి. ఆయన దావత్‌కి రమ్మంటే ఏ ముఖం పెట్టుకుని రానని చెప్పమంటారు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. "మాఫ్ కర్నా మౌలానా" అని తలొంచుకుని వచ్చేశాను. తర్వాత చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. హదీసు తప్పు కాదు. మౌలానా చెప్పిందీ తప్పు కాదు. మరి తప్పెక్కడుంది? ఈ ప్రశ్న వెంటబడి మన బుజుర్గుల చరిత్రలు మళ్ళీ తిరగేశాను. దొరికిన జవాబు నాకే ఇబ్బందిగా ఉంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ హదీసు సంగతి చూద్దాం. అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ గ్రంథాల్లో ఉంది. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. అందులో నిజానికి మూడు మాటలున్నాయి. ఎడారిలో బతికేవాడి మనసు మొరటుబారుతుంది, వేట వెంట పడినవాడు గఫ్లత్‌లో, అంటే పరధ్యానంలో పడిపోతాడు, సుల్తాన్ ద్వారాలకు వెళ్ళేవాడు ఫిత్నాలో చిక్కుకుంటాడు. మనం మొదటి రెండూ వదిలేసి మూడోదాన్నే ఫార్వర్డ్ చేస్తుంటాం. మూడూ కలిపి చదివితే విషయం ఇంకాస్త తెలుస్తుంది. ఎడారిలో ఉండటం గునా కాదు. వేటాడటం హరామ్ కాదు. కానీ ఎక్కడ తిరిగితే అక్కడి గుణం మనిషికి అంటుకుంటుంది. వేటగాడు మొదటి రోజే నమాజు మరిచిపోడు. రోజూ జింక వెంట పరిగెత్తి పరిగెత్తి ఒకరోజు అజాన్ వినపడని స్థితికి వస్తాడు. సుల్తాన్ గడప కూడా అలాంటిదే. మొదటిసారి వెళ్ళినప్పుడు ఏమీ కాదు. పదోసారికి నోరు మెత్తబడుతుంది.

ఇంకో హదీసు హజ్రత్ కాబ్ ఇబ్నె ఉజ్రా (రజి) ద్వారా తిర్మిజీలోనూ, నసాయీలోనూ వచ్చింది. తన తర్వాత కొందరు పాలకులు వస్తారని, వాళ్ళ దగ్గరికి వెళ్ళి వాళ్ళ అబద్ధాలను నిజమని ఒప్పుకుంటూ, వాళ్ళ జుల్మ్‌కు చేయూతనిచ్చేవాడు తనవాడు కాడని, హౌజ్ దగ్గర తనను కలవలేడని ప్రవక్త (స) హెచ్చరించారు. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సినవి రెండు షరతులు. అబద్ధానికి తస్దీక్, దౌర్జన్యానికి మదద్. వెళ్ళాడా లేదా అనే దానికంటే, వెళ్ళి ఏం చేశాడన్నది లెక్క.

అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన హదీసు అందరికీ తెలిసిందే. జాలిమ్ పాలకుడి ముందు న్యాయమైన మాట చెప్పడం జిహాద్‌లన్నిటిలో ఉత్తమమైనది. ఆయన ముందు చెప్పాలంటే ఆయన ముందుకు వెళ్ళాలి కదా! ఫిరౌన్ దర్బారుకు వెళ్ళమని మూసా (అ), హారూన్ (అ) ఇద్దరికీ అల్లాహ్ హుకుం ఇచ్చాడు. మెత్తగా మాట్లాడమని కూడా చెప్పాడు. మరోవైపు సూరా హూద్‌లో, జుల్మ్ చేసేవాళ్ళ వైపు మొగ్గకండి, నిప్పు మిమ్మల్నీ అంటుకుంటుందని హెచ్చరిక ఉంది. కాస్త ఒరగడం కూడా ఆ మాటలో వస్తుందని ముఫస్సిర్లు చెప్పారు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకర్థమైంది ఇది. పాలకుడి ముందు నిలబడటం వేరు, పాలకుడి మీద ఆనుకోవడం వేరు. నిటారుగా నిలబడగలిగితే వెళ్ళొచ్చు. ఒరిగిపోతామనే భయముంటే వెళ్ళకూడదు. మరి నిటారుగా నిలబడటానికి మనిషికి ఏం కావాలి? ఈమాన్ కావాలి, హిమ్మత్ కావాలి అంటాం. నిజమే. కానీ మన బుజుర్గుల జీవితాల్లో ఇంకో వస్తువు కూడా కనిపిస్తుంది. దాని గురించి బయాన్లలో చెప్పరు.

ఇమామె ఆజం అబూ హనీఫా (రహ్మ) కథ తీసుకోండి. ఉమయ్యద్‌ల కాలంలో ఇరాక్ గవర్నర్ ఇబ్నె హుబైరా పదవి తీసుకోమన్నాడు. ఆయన కాదన్నారు. కొరడా దెబ్బలు తిన్నారు. తర్వాత అబ్బాసీల రాజ్యం వచ్చింది. ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి ఇస్తానన్నాడు. మళ్ళీ కాదన్నారు. ఆ పదవికి నేను తగనని ఇమాం అంటే, అబద్ధం చెబుతున్నావని మన్సూర్ అన్నాడట. అబద్ధాలకోరును ఖాజీగా ఎలా పెడతావని ఇమాం తిరిగి అడిగారట. ఈ సంఘటన తరతరాలుగా చెప్పుకుంటున్నాం. హిజ్రీ 150లో, అంటే క్రీ.శ. 767లో ఆయన బాగ్దాద్‌లో, ఖైదులోనే కన్నుమూశారని చరిత్రకారులు రాశారు.

మన్సూర్‌కు ఖాజీ మాత్రమే కావాల్సి ఉంటే బాగ్దాద్‌లో ఆలిమ్‌లకు కరువా? అతనికి కావాల్సింది అబూ హనీఫా పేరు. ఆ పేరు తన హుకూమత్ మీద ముహర్‌లా పడాలి. ఇవాళ ఆ ముహర్ పేరు ఫోటో.

ఈ కథ చెప్పేటప్పుడు మనం వదిలేసే వివరం ఒకటుంది. కూఫా నగరంలో ఇమాం అబూ హనీఫాకు పట్టుబట్టల దుకాణం ఉంది. ఖజ్ అనే ఖరీదైన బట్ట అమ్మేవారు. మంచి వ్యాపారి. ఆయన ఇల్లు గడవడానికి ఏ అమీర్ దయా అక్కర్లేదు. అంతేకాదు, వ్యాపారంలో వచ్చిన లాభంతో ఆలిమ్‌ల ఇళ్ళకు సరుకులు, బట్టలు పంపేవారని, నాకు కాదు అల్లాహ్‌కు షుక్రియా చెప్పండని అనేవారని జీవిత చరిత్రల్లో ఉంది. ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ పేదింటి పిల్లవాడు. చదువు మానేసి సంపాదించమని ఇంట్లో లాక్కెళ్తే, ఇమాం సంగతి తెలుసుకుని ఆ పిల్లవాడి చేతిలో వంద దిర్హమ్‌ల సంచి పెట్టారు. అయిపోతే చెప్పమన్నారు. తర్వాత చెప్పకముందే మళ్ళీ ఇస్తూ వచ్చారు.

అంటే దర్బారుకు 'నహీఁ' అని చెప్పిన మనిషి, తన చుట్టూ ఉన్నవాళ్ళు కూడా 'నహీఁ' అని చెప్పగలిగేలా వాళ్ళ పొయ్యి గురించి పట్టించుకున్నాడు. ఈ రెండో సగాన్ని మనం మరిచిపోయాం.

ఇమాం అహ్మద్ ఇబ్నె హంబల్ (రహ్మ) సంగతి చూడండి. ఖుర్ఆన్ సృష్టించబడిందా కాదా అన్న విషయంలో ఖలీఫా మామూన్ 833లో ఉలెమాలను పరీక్షకు పెట్టాడు. ఇమాం అహ్మద్ ఒప్పుకోలేదు. ఖలీఫా ముతసిమ్ కాలంలో కొరడా దెబ్బలు తిన్నారు. ఆ తర్వాత ముతవక్కిల్ వచ్చాడు. పరీక్ష ఆపేశాడు. ఇమాంను గౌరవించాడు, నజరానాలు పంపాడు. ఇమాం అహ్మద్ ఎక్కువగా భయపడింది అప్పుడే. కొరడా తట్టుకున్న మనిషి నజరానాకు వణికిపోయారు. వచ్చిన డబ్బును పంచేశారు. కొడుకులు దర్బారు వజీఫా తీసుకుంటున్నారని తెలిసి, కొడుకు ఇంటి పొయ్యిలో కాల్చిన రొట్టె కూడా ముట్టుకోలేదని రాశారు. ఆయనకేం పెద్ద ఆస్తులున్నాయా అంటే లేవు. తండ్రి వదిలిపోయిన కొద్దిపాటి ఇళ్ళ కిరాయి వచ్చేది. అది చాలకపోతే తక్కువతో సర్దుకునేవారు. కానీ ఆ కొంచెం ఆయన సొంతం. ఆ కొంచెం మీద నిలబడే ఆయన ఖలీఫా పళ్ళేన్ని పక్కకు నెట్టారు.

మన హిందుస్తాన్‌కు వస్తే హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మ). ఢిల్లీ పక్కన గియాస్‌పూర్‌లో ఖాన్‌ఖా. ఆయన కళ్ళముందే ఢిల్లీ తఖ్తు మీద ఎందరో సుల్తానులు మారారు. ఎవరి దర్బారుకూ ఆయన హాజిరీ వేయలేదు. సుల్తాన్ తానే వస్తానంటే, నా ఇంటికి రెండు ద్వారాలున్నాయి, ఆయన ఒకదాంట్లోంచి వస్తే నేను రెండోదాంట్లోంచి వెళ్ళిపోతానని చెప్పి పంపారన్నది ప్రసిద్ధమైన సంగతి. ఊళ్ళు రాసిస్తామంటే వద్దన్నారు. మరి రోజూ వందలమందికి భోజనం పెట్టే ఆ లంగర్ ఎలా నడిచింది? ఫుతూహ్ మీద. అంటే ఎవరినీ అడక్కుండా జనం తమంతట తాము తెచ్చి ఇచ్చినవి. ఒకడు ధాన్యం, ఒకడు నెయ్యి, ఒకడు రాగి నాణెం. వచ్చింది వచ్చినట్టు పంచేసేవారు. శుక్రవారం వచ్చేసరికి కోఠీలు ఖాళీ చేయించి ఊడిపించేవారని చెబుతారు.

ఖుస్రో ఖాన్ కొన్నాళ్ళు తఖ్తు ఎక్కి ఖజానా డబ్బును సూఫీలకు పంచాడు. నిజాముద్దీన్ ఔలియాకూ పంపాడు. తర్వాత గియాసుద్దీన్ తుగ్లక్ వచ్చి ఆ డబ్బంతా వెనక్కివ్వమన్నాడు. అది జనం సొమ్ము, హక్‌దార్లకు చేరిపోయిందని హజ్రత్ జవాబు. దాచుకుని ఉంటే ఆ రోజు సుల్తాన్ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చేది. పంచేశారు కాబట్టి భయం లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. దూరం ఒక్కటే మార్గమని చెప్పడానికి లేదు. అబూ హనీఫా కాదన్న ఖాజీ పదవిని, ఆయన వంద దిర్హమ్‌లిచ్చి చదివించిన అబూ యూసుఫే తర్వాత ఒప్పుకున్నారు. హారూన్ రషీద్ కాలంలో ఖాజీ ఉల్ ఖుజాత్ అయ్యారు. కితాబుల్ ఖరాజ్ రాశారు. భూమి శిస్తు ఎలా వసూలు చేయాలో చెప్పే ఆ పుస్తకం, రైతుల విషయంలో అల్లాహ్‌కు జవాబు చెప్పుకోవాల్సి ఉంటుందని ఖలీఫాకు నసీహత్ చేస్తూ మొదలవుతుంది. రజా ఇబ్నె హైవా ఉమయ్యద్ దర్బారులో ఉన్న ఆలిమ్. ఖలీఫా సులైమాన్ మరణశయ్య మీద ఉన్నప్పుడు, 717లో, తన తర్వాత ఉమర్ ఇబ్నె అబ్దుల్ అజీజ్‌ను నియమించేలా సలహా ఇచ్చింది ఆయనే. ఆయన ఆ గదిలో లేకపోతే ఉమ్మత్‌కు ఆ న్యాయమైన ఖలీఫా దక్కేవాడా? నిజాముద్దీన్ ఔలియాకు ప్రాణమైన మురీదు అమీర్ ఖుస్రో జీవితమంతా సుల్తానుల కొలువులోనే గడిపారు. పీర్ ఆయనను వెళ్ళగొట్టలేదు.

మన దక్కన్‌లోనూ అలాంటి ఉదాహరణ ఉంది. జామియా నిజామియా స్థాపించిన మౌలానా అన్వారుల్లా ఫారూఖీ ఆరో నిజాంకు, ఏడో నిజాంకు ఉస్తాద్. ఫజీలత్ జంగ్ అనే ఖితాబు కూడా పొందారు. దర్బారుకు అంత దగ్గరగా ఉన్న మనిషి నాటిన మదర్సా హైదరాబాదులో ఇప్పటికీ నడుస్తోంది. నిజాం దర్బారు మాత్రం లేదు.

ఇమాం గజాలీ (రహ్మ) ఇహ్యా ఉలూముద్దీన్‌లో పాలకులతో ఆలిమ్‌కు మూడు స్థితులుంటాయని రాశారు. ఆలిమ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళడం అన్నిటికంటే చెడ్డది. వాళ్ళే ఆలిమ్ దగ్గరికి రావడం దానికంటే నయం. వాళ్ళను మనం చూడకుండా, మనల్ని వాళ్ళు చూడకుండా ఉండటం అన్నిటికంటే క్షేమం. గజాలీ ఇది ఊహించి రాసింది కాదు. వజీరు నిజాముల్ ముల్క్ ఆదరణలో బాగ్దాద్ నిజామియాలో పెద్ద ఉస్తాద్‌గా ఉండి, 1095లో అంతా వదిలేసి వెళ్ళిన మనిషి ఆయన. సుల్తానుల దగ్గరికి వెళ్ళనని, వాళ్ళ సొమ్ము తీసుకోనని హజ్రత్ ఇబ్రాహీం (అ) మజార్ దగ్గర శపథం చేశారు. అయినా తర్వాత సెల్జూక్ వజీరు ఒత్తిడి మీద నైషాపూర్ నిజామియాలో మళ్ళీ పాఠం చెప్పాల్సి వచ్చింది. గజాలీ అంతటివాడికే దూరం పాటించడం అంత కష్టమైతే, మా ఇమాం సాబ్‌ను ఫోటో చూసి ఉరి తీసే హక్కు నాకెక్కడిది?

ఇప్పుడు మన కాలానికి వద్దాం. మనకు సుల్తానులు లేరు. ఎమ్మెల్యే, మంత్రి మన ఓటుతో గెలిచినవాళ్ళు. వాళ్ళ దగ్గరున్న ఖజానా మనందరి పన్నులతో నిండింది. రోడ్డు కోసం, ఖబ్రస్తాన్ ప్రహరీ కోసం, స్కాలర్‌షిప్ కోసం అర్జీ పట్టుకుని వెళ్ళడం దర్బారు హాజిరీ కాదు, హక్కు అడగటం. ఇమాంకు ప్రభుత్వం ఇచ్చే గౌరవ వేతనం కూడా నా దృష్టిలో నజరానా కాదు. హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఖలీఫా అయిన తర్వాత కూడా బట్టల మూట భుజానేసుకుని బజారుకు బయల్దేరితే, హజ్రత్ ఉమర్ (రజి) ఆపి బైతుల్ మాల్ నుంచి ఆయనకు జీతం ఏర్పాటు చేయించారు. జనం పని చేసేవాడికి జనం సొమ్ములోంచి జీతం ఇవ్వడం మన సున్నత్‌లో ఉన్నదే. 1993లో సుప్రీంకోర్టు కూడా ఇమాంలకు వక్ఫ్ బోర్డులు వేతనం ఇవ్వాలని తీర్పు చెప్పింది. తెలంగాణలో ఇమాంలు, మౌజన్‌ల గౌరవ వేతనం 1,000 రూపాయలతో మొదలై 5,000కు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇమాంకు 10,000, మౌజన్‌కు 5,000 అన్నారు. నెలల తరబడి బకాయిలు పడ్డ వార్తలూ చూశాం.

చిక్కు ఎక్కడొస్తుందంటే, హక్కుగా రావాల్సింది ఎహసాన్‌గా వస్తోంది. ఎవరో ఒకరి చేతుల మీదుగా, ఒక ఫోటోతో వస్తోంది. బకాయి విడుదలైతే శాలువా కప్పి షుక్రియా చెప్పాలి. ఆపరేషన్ లెటర్ వస్తే దావత్‌కు వెళ్ళాలి. రేపు అదే నాయకుడి మనిషి ఖబ్రస్తాన్ మూల మీద షెడ్డు వేస్తే జుమా ఖుత్బాలో ఆ మాట ఎత్తగలడా ఇమాం? ఎత్తలేడు. సబ్ర్ గురించి, గీబత్ గురించి మాట్లాడి మింబర్ దిగుతాడు. హదీసులో చెప్పిన ఫిత్నా అదే. దాని కోసం ఇమాం చెడ్డవాడు కానక్కర్లేదు. అప్పులో ఉంటే చాలు.

ఆ అప్పు ఎవరి వల్ల వచ్చింది? ఇదే నాకు ఇబ్బందిగా అనిపించిన జవాబు. మా వల్ల.

మా మసీదులో మూడేళ్ళ క్రితం నాలుగు ఏసీలు పెట్టించాం. చందా వారం రోజుల్లో పోగైంది. పోయినేడు మినార్‌కు కొత్త లైట్లు. దానికీ కొరత లేదు. ఇమాం సాబ్ జీతం పెంచే మాట వచ్చినప్పుడు మాత్రం కమిటీలో అరగంట చర్చ. "ఆయనకు ఖర్చేముంది, కిరాయి లేదు కదా" అని ఒకరు. "దీన్ ఖిద్మత్‌కు సవాబ్ ఉంది" అని ఇంకొకరు. ఆ చర్చలో నేనూ ఉన్నాను. నోరు విప్పలేదు. మన ఇంటి ఏసీ బాగుచేసేవాడికి అడిగినంత ఇస్తాం. మన పిల్లలకు ఖుర్ఆన్ నేర్పేవాడికి తవక్కుల్ నేర్పుతాం.

ఇంకో సంగతి. నాయకులను మసీదులోకి తెచ్చేది ఇమాం కాదు. చాలా చోట్ల కమిటీ సదర్ సాబే. ఎన్నికల ముందు జుమా తర్వాత మైకు ఇప్పించేది ఆయనే, షామియానా వేయించేది ఆయనే, ఫోటోలో మొదటి వరుసలో ఉండేదీ ఆయనే. కాంట్రాక్టో, వార్డు టికెట్టో, వక్ఫ్ బోర్డులో ఏదో కుర్చీయో ఆయన లెక్కలో ఉంటుంది. పక్కన నిలబెట్టడానికి మాత్రం గడ్డం, జుబ్బా కావాలి కాబట్టి ఇమాంను పిలుస్తారు. ఇమాం రానంటే మరుసటి నెల కొత్త ఇమాం వస్తాడు. వస్తే గ్రూపులో దర్బారీ ముల్లా అనిపించుకుంటాడు. సుల్తాన్ గడప దూరమైతే ఏంటి, దానికి దారి మన మసీదు ఆఫీసు గదిలోంచే పోతోంది.

మన పెద్దలు ఈ ప్రమాదం తెలిసినవాళ్ళు. 1866లో దేవ్‌బంద్‌లో మదర్సా మొదలైనప్పుడు మౌలానా ఖాసిం నానౌతవీ (రహ్మ) ఎనిమిది నియమాలు రాసిపెట్టారు. హుకూమత్ చేయి, అమీర్ల చేయి ఇందులో పడటం ఎక్కువ నష్టమని, పేరు కోరని మామూలు జనం ఇచ్చే చందాలోనే ఎక్కువ బర్కత్ ఉంటుందని వాటిలో ఉంది. అప్పటికి 1857 తిరుగుబాటు జరిగి తొమ్మిదేళ్ళే. దర్బారు కూలిపోతే దాని మీద ఆనుకున్నదంతా ఎలా కూలుతుందో ఆయన కళ్ళారా చూశారు. అందుకే గుప్పెడు పిండి, ఒక్క అణా ఇచ్చే వేలమందిని నమ్ముకున్నారు. ఆ మదర్సా నూట అరవై ఏళ్ళు దాటింది.

అంతకంటే ముందు మన ముత్తాతలు వక్ఫ్ అనే ఏర్పాటు చేశారు. మసీదుకో, మదర్సాకో భూమి రాసిచ్చేవాళ్ళు. ఎందుకు? ఇమాం, మౌజన్, ముదర్రిస్ ఎవరి ముందూ చేయి చాచకూడదని. 2006 సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు, సుమారు 6 లక్షల ఎకరాల భూమి ఉన్నాయి. వాటి మీద ఏడాదికి వచ్చే ఆదాయం మాత్రం 163 కోట్లు. 2025 వక్ఫ్ సవరణ చట్టం మీద మనం రోడ్డెక్కాం, ఎక్కాల్సిందే. కానీ ఆ చట్టం రాకముందు ఏం జరిగింది? బజారులో వేలు పలికే మల్గీని వందల కిరాయికి పట్టుకుని మూడు తరాలుగా కూర్చున్నది ఎవరు? దర్గా భూమిని ప్లాట్లు వేసి అమ్ముకున్న ముతవల్లీలు మనవాళ్ళు కారా? ఆ కిరాయిలు సరిగా వచ్చి ఉంటే మా మౌలానాకు ఎల్ఓసీ కోసం ఎవరి ఇంటి ముందో నిలబడే గతి పట్టేదా?

అందుకని పాలకులకు దూరంగా ఉండమనే హదీసును ఫార్వర్డ్ చేసే ముందు మనం కొన్ని పనులు చేయాలి. ఇమాం, మౌజన్‌ల జీతం మన ఊళ్ళో ఒక స్కూలు టీచరుకు వచ్చే దానికైనా సమానంగా ఉండాలి. ఒకటో తారీఖున చేతికి అందాలి. జబ్బులకు, పిల్లల చదువులకు మహల్లాలో ఒక నిధి ఉండాలి. దాన్ని జకాత్ డబ్బుతో కాకుండా జేబు డబ్బుతో నింపాలి, ఎందుకంటే అది ఖైరాత్ కాదు, ఉజ్రత్. ఎన్నికల ప్రచారానికి మసీదు ఆవరణ ఇవ్వబోమని కమిటీ రాసి బోర్డు పెట్టాలి. నాయకుడి దగ్గరికి అర్జీతో వెళ్ళాల్సి వస్తే కమిటీ వెళ్ళాలి, ఇమాంను ముందుకు తోయకూడదు. ఇమాం వెళ్ళే రోజు వస్తే, అది సత్యం చెప్పడానికి వెళ్ళే రోజు కావాలి. అప్పుడు ఆయన వెనక మహల్లా అంతా నడవాలి.

ఇవేమీ చేయకుండా ఇమాం నుంచి అబూ హనీఫా ఖుద్దారీని ఆశించడం జుల్మ్. అబూ హనీఫాకు దుకాణం ఉంది. నిజాముద్దీన్ ఔలియాకు ధాన్యం తెచ్చే జనం ఉన్నారు. మా ఇమాం సాబ్‌కు మేమున్నాం. లేదా, ఉండాల్సింది.

ఈద్ అయ్యాక కమిటీ మీటింగులో ఈ మాటలన్నీ చెప్పాను. సదర్ సాబ్‌కు కోపమొచ్చింది. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. చివరికి మిగిలిన పదకొండు మందిమి నెలకు ఇంతని రాసుకున్నాం. పెద్ద మొత్తమేమీ కాదు. మూడు నెలలుగా ఒకటో తారీఖున అందుతోంది. గ్రూపులో నేను రాసిన "సహీ బాత్"ను తీసేద్దామని చూస్తే అప్పటికే సమయం దాటిపోయింది, తీయడానికి రాలేదు. అందుకే దాని కిందే మాఫీ అడుగుతూ ఇంకో మెసేజ్ పెట్టాను.

పోయిన జుమాకు ఇమాం సాబ్ ఖుత్బాకు ముందు బయాన్‌లో మొదటిసారి ఖబ్రస్తాన్ మూలనున్న ఆ షెడ్డు మాట ఎత్తారు. పేరు చెప్పలేదు. గొంతు కొంచెం వణికింది. కానీ ఎత్తారు.